ఏమీ జరగని రోజు కథ: ఒక సేఫ్టీ ప్రసంగం మీద కేస్ స్టడీ

నేను ప్రసంగాలు నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి స్టేజీ భయం ఉండదు. మాట్లాడతారు, బాగానే మాట్లాడతారు. దిగి వచ్చాక మాత్రం విన్నవాళ్ళకి ఏమీ గుర్తుండదు, అదీ వాళ్ళ బాధ. ఈ కేసులో మనిషిదీ అదే సమస్య. ఒక పెద్ద ప్లాంట్‌లో సేఫ్టీ హెడ్. ఇరవై ఏళ్ళ పైచిలుకు అనుభవం. కన్వేయర్ బెల్టుల మీద పనిచేసే రెండు వందల మందికి ఏడాదికోసారి లాకౌట్ గురించి చెప్పాలి.

"నేను మాట్లాడుతుంటే వాళ్ళు బూట్లు చూసుకుంటారండీ" అన్నారు మొదటి ఫోన్‌లోనే. "ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగితే, ఎన్నింటికి వదుల్తారు సార్ అంటారు."

ఆయన పేరు, ప్లాంట్ వివరాలు రాయడం లేదు. ఒప్పుకున్నాకే రాశాను. రాసింది చదివి రెండు చోట్ల కొట్టేశారు కూడా.

లాకౌట్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మెషిన్‌లో చెయ్యి పెట్టేముందు దానికి కరెంటు వచ్చే చోట, అంటే ఐసోలేటర్ దగ్గర ఆపేసి, ఎవరి తాళం వాళ్ళు వేసుకోవాలి. తాళానికి పేరున్న ట్యాగ్ కట్టాలి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఆ తర్వాత ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి, నిజంగానే తిరగడం లేదని తేల్చుకోవాలి. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు పడతాయి, నాలుగోది తీసేదాకా మెషిన్ కదలదు. బెల్టు పొడవునా పక్కనే ఒక తీగ కూడా ఉంటుంది, పుల్ కార్డ్ అంటారు. లాగితే బెల్టు ఆగుతుంది. కానీ అది ప్రమాదంలో టక్కున ఆపడానికి పెట్టింది. ఎవరైనా వచ్చి రీసెట్ చేసేయొచ్చు, కాబట్టి తాళం చేసే పని అది చేయదు.

ఈ సంగతులన్నీ ఆ రెండు వందల మందికీ నాకంటే బాగా తెలుసు. తెలిసే పుల్ కార్డ్ లాగి చెయ్యి పెట్టేస్తారు. ఐసోలేటర్ ఉండే ప్యానెల్ రూమ్ ఎక్కడో ఉంటుంది, పని చూస్తే రెండు నిమిషాలది. ఆయన మాత్రం ఏళ్ళ తరబడి తెలిసినవాళ్ళకి తెలిసిందే చెబుతూ వచ్చారు. 42 స్లైడ్లు. మొదటి పదకొండింటి నిండా అంకెలే.

మొదటి రోజే అడిగారు, "స్టీవ్ జాబ్స్‌లా మూడు కథలు చెబితే ఎలా ఉంటుందండీ?" ఈ మాట నాకు నెలకోసారైనా వినిపిస్తుంది. 2005లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పట్టాల పండగలో జాబ్స్ చేసిన ప్రసంగం అందరూ చూసే ఉంటారు. చదువు మధ్యలో ఆపేయడం, తను పెట్టిన కంపెనీ నుంచే తనను తీసేయడం, క్యాన్సర్ బయటపడటం, అదంతా గుర్తుంటుంది. అదంతా ఆయన కాగితం చూసి చదివారన్నది ఎవరికీ గుర్తుండదు. స్టైలు కోసం ఆ వీడియో చూసేవాళ్ళతో నేను ఈ ఒక్క ముక్కే చెప్పి ఊరుకుంటాను.

మొదటి ప్రయత్నం, నా తప్పు

"మీ కళ్ళ ముందు జరిగిన అతి పెద్ద ప్రమాదం ఏది?" అని అడిగాను. అప్పట్లో అందరినీ అలాగే అడిగేదాన్ని.

చెప్పారు. పాత ఉద్యోగంలో తోటి ఇంజనీర్ ఒకాయనకి బెల్టులో పడి మోచేతి కింద చెయ్యి పోయింది. చెబుతుంటే గొంతు దిగిపోయింది, మధ్యలో నీళ్ళు తాగారు. కథ దొరికిందనుకున్నాను. ఏడు నిమిషాలకి కుదించాం, ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు తగ్గించాలో గుర్తులు పెట్టాం. ముందు ఒక షిఫ్టులో నలభై మంది ముందు చెప్పి చూద్దామనుకున్నాం.

హాలు నిశ్శబ్దమైపోయింది. వెనక వరసలో కూర్చుని నేను లోలోపల సంబరపడ్డాను. బయటికొచ్చాక జనం మాటలు చెవిన పడ్డాయి.

"పాపం."

"చూసుకోలేదేమో."

"తాళం వేసుకోకపోతే అంతే మరి."

అప్పుడర్థమైంది ఆ నిశ్శబ్దం ఎలాంటిదో. అలాంటి వార్త విన్నప్పుడు మనుషులు వెంటనే వెతికేది దెబ్బ తిన్నవాడికీ తమకీ మధ్య ఉన్న తేడా. వాడు తొందరపడ్డాడు, నేను పడను. వాడు కొత్త, నేను పాత. ఆ తేడా దొరికిందంటే కథ వాళ్ళని తాకదు. ప్రమాదం ఎంత పెద్దదైతే తేడా అంత తేలిగ్గా దొరుకుతుంది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఒక పెద్ద వయసు ఫిట్టర్ తిన్నగా ఆయన దగ్గరికొచ్చి, "సార్, ఆయన నాకు తెలుసు. చెప్పేముందు అడిగారా ఆయన్ని?" అన్నాడు. అడగలేదు. అడగాలన్న ఆలోచన ఆయనకీ రాలేదు, నాకూ రాలేదు. అది నేర్పడమే నా వృత్తి, కాబట్టి తప్పు నాదే ఎక్కువ. ఆ రాత్రి ఆయన పాత స్నేహితుడికి ఫోన్ చేశారు. అవతలి మనిషి కోప్పడలేదట. కోప్పడినా బాగుండేదని ఈయన అన్నారు. "నా చెయ్యి గురించి నువ్వు చెప్పడమేంట్రా. చెప్పాలనిపిస్తే నేనే వచ్చి చెప్తా" అని, పిల్లల చదువుల గురించి అడిగి ఫోన్ పెట్టేశాడట.

ఆ కథ తీసేశాం. అది మాకు చెందినది కాదు. ఇంకో లోపం కూడా ఉంది, అది తర్వాత తట్టింది. ఆ కథలో చెప్పే మనిషి ఏ తప్పూ చేయడు. పక్కన నిలబడి చూస్తాడు, బాధపడతాడు. సేఫ్టీ హెడ్ ఎలాగూ నిర్దోషేనని జనం ముందే అనుకుంటున్నారు. అదే సంగతిని మేము ఇంకోసారి, కన్నీళ్ళతో చెప్పాం.

గుమ్మం దగ్గర

తర్వాతి సెషన్‌లో ప్రశ్న మార్చాను. "మీరు తాళం వేయకుండా చెయ్యి పెట్టిన రోజు చెప్పండి."

"అలాంటిదేం లేదండీ" అన్నారు వెంటనే. మరీ వెంటనే.

నేనేమీ గుచ్చలేదు. స్లైడ్ల గురించి మాట్లాడుకున్నాం, టైమైంది. ఆయన బ్యాగ్ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "ఒకటుందండీ. కానీ ఆ రోజు ఏమీ జరగలేదు."

మళ్ళీ కూర్చోబెట్టాను. నా అనుభవంలో అసలు కథలు సగం గుమ్మం దగ్గరే బయటికొస్తాయి. కుర్చీలో ఉన్నంతసేపూ మనిషి బాగా కనబడాలని చూస్తాడు. లేచాక ఆ కాపలా కాస్త సడలుతుంది.

షిఫ్ట్ ఇంజనీర్‌గా కొత్త. రాత్రి షిఫ్టు. బెల్టు వెనక చివర టెయిల్ పుల్లీ దగ్గర పిడికెడు రాయి ఇరుక్కుని బెల్టు ఒక పక్కకి జరుగుతోంది. పుల్ కార్డ్ లాగారు, ఆగింది. ప్యానెల్ రూమ్ మూడంతస్తులు కింద. ఆయన తాళం ఆయన నడుముకే వేలాడుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని కుడి చెయ్యి మోచేతి దాకా లోపల పెట్టి రాయిని కదుపుతున్నారు. అవతలి చివర ఉన్న హెల్పర్‌కి ఈయన కనబడడు. బెల్టు ఆగి ఉండటం చూసి, ఎవరో పొరపాటున కార్డ్ లాగారనుకుని రీసెట్ చేసి, కంట్రోల్ రూమ్‌కి చెప్పేశాడు. సైరన్ మొదలైంది. ఆ ప్లాంట్‌లో బెల్టు కదిలేముందు సైరన్ పది సెకన్లు మోగుతుంది.

"వినగానే చెయ్యి తీసేశారు కదా?"

"లేదండీ. పక్క బెల్టు సైరన్ అనుకున్నా. ఎంతసేపు అలా అనుకున్నానో తెలీదు. అర్థమై లాగబోతే గ్లౌజ్ రాయికి పట్టుకుంది. చెయ్యి జారి బయటికొచ్చింది. గ్లౌజ్ లోపలికి పోయింది."

"తర్వాత?"

"తర్వాతేముంది. లాగ్ బుక్‌లో రాశాను. టెయిల్ పుల్లీ వద్ద రాయి తొలగించడమైనది. బెల్టు 10 నిమిషములు ఆగినది."

అందులో అబద్ధమేమీ లేదు. ఆయన్ని అన్నేళ్ళుగా ఇబ్బంది పెడుతున్నది అదే. హెల్పర్‌కి చెప్పలేదు, పై అధికారికి చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. ఇప్పుడు ఆయన ఉద్యోగమే జనాన్ని, "త్రుటిలో తప్పినవి కూడా దాచకుండా రాయండి" అని అడగడం.

ఈ కథ చెప్పడానికి ఒప్పుకోవడానికి ఆయనకి మూడు వారాలు పట్టింది. నేనూ తొందరపెట్టలేదు. ఉద్యోగం మీదికి రాగల సంగతిని స్టేజీ మీద చెప్పమనే ముందు రెండు పనులు చేయించాలని నేర్చుకున్నాను. ఒకటి, పై వాళ్ళకి ముందే ఏకాంతంగా చెప్పడం. రెండు, ఇంట్లో చెప్పడం. హాల్లో విన్నవాళ్ళ ద్వారా భార్యకి తెలియకూడదు. పై అధికారి చెప్పమన్నాడు. ఇంకొకాయన మాత్రం, 'నేను' అనకుండా 'మా సహోద్యోగి ఒకరు' అని చెప్పుకోవచ్చుగా అని సలహా ఇచ్చాడట. దానికి ఈయన ఒప్పుకోలేదు. నాకు ధైర్యం వచ్చింది అప్పుడే.

కోతలు

తెలుగులో కోత అంటే తగ్గించడం, కోతలంటే గొప్పలు. సొంత కథలో మొదటిది చేయకపోతే రెండోది తయారవుతుంది.

ఆయన రాసుకొచ్చిన మొదటి ప్రతిలో రాయి దగ్గరికి చేరడానికే నాలుగు నిమిషాలు పట్టింది. ఎప్పుడు చేరారు, ఎవరి కింద పనిచేశారు, అప్పట్లో పరికరాలు ఎంత పాతవి. చివర్లో "ఆ రోజు నేను ఒక జీవితపాఠం నేర్చుకున్నాను" అని ఒక పేరా. ముందూ వెనకా రెండూ కోసేశాం. మొదటి వాక్యం ఇలా కుదిరింది: "నా కుడి చేతి గ్లౌజ్ ఒకటి బెల్టు తినేసింది."

మధ్యలో పదే పదే "చాలా భయం వేసింది" అని ఉంది. దాని గురించి మాట్లాడటానికి నేనెప్పుడూ ఒక ప్రయోగం చేయిస్తాను. మనసులో ఒక పాట పాడుకుంటూ దాని దరువు మాత్రం బల్ల మీద వేళ్ళతో కొట్టమంటాను, పాటేదో ఎదుటివాళ్ళు చెప్పాలి. 1990లో ఎలిజబెత్ న్యూటన్ స్టాన్‌ఫర్డ్‌లో ఇదే చేసి చూసింది. వినేవాళ్ళు సగం సార్లు కనిపెడతారని కొట్టేవాళ్ళు అనుకున్నారు. 120 పాటల్లో కనిపెట్టినవి మూడే. కొట్టేవాడి తలలో పాట మొత్తం వినిపిస్తూ ఉంటుంది, ఎదుటివాడికి టక్ టక్ మాత్రమే. "భయం వేసింది" అన్నప్పుడు ఆయనకి ఆ రాత్రంతా వినిపిస్తుంది, హాల్లో వాళ్ళకి రెండు మాటలే వినిపిస్తాయి. ఈయనకి ఇంకో వెసులుబాటు ఉంది. ఆ రెండు వందల మందికీ టెయిల్ పుల్లీ తెలుసు, సైరన్ తెలుసు. 'పక్క బెల్టు సైరన్ అనుకున్నా' అంటే చాలు, ఒళ్ళు దానికదే గుర్తు తెచ్చుకుంటుంది. భయం అన్న మాట మొత్తం తీసేశాం.

ఇక్కడ నేనే ఒకసారి దారి తప్పించాను. బెల్టు, పుల్లీ, కార్డ్ నాకు తెలియవు కాబట్టి ప్రతిదీ వివరించమన్నాను. రిహార్సల్‌కి పిలిచిన ఇద్దరు ఆపరేటర్లు ఆ భాగం రాగానే కిటికీ వైపు చూశారు. వాళ్ళ పనిని వాళ్ళకే విడమరచి చెబితే మొహం తిప్పుకోరా మరి. నాకు అర్థమయ్యేలా పెట్టించినవన్నీ తీసేశాం. ఇప్పుడు ఆ ప్రసంగంలో నాకు పూర్తిగా అర్థం కాని వాక్యాలు రెండు మూడున్నాయి. అవి నాకోసం కాదుగా.

గ్లౌజ్ సంగతి. జతలో రెండోది, ఎడమ చేతిది, ఆయన డ్రాయర్‌లో ఇంకా ఉందని తెలిసి నాకు ఆశ పుట్టింది. స్టేజీ మీద పైకెత్తి చూపిస్తే ఎలా ఉంటుందో ఊహించేసుకున్నాను. రిహార్సల్‌లో చూపించారు. ఆపరేటర్లలో ఒకడు, "ఈ మోడల్ ఇప్పుడు రావట్లేదు సార్" అన్నాడు. ఆ తర్వాత రెండు నిమిషాలు గ్లౌజుల నాణ్యత గురించి చర్చ. వస్తువు చేతిలో ఉంటే కళ్ళు దాని మీదికి పోతాయి. గ్లౌజ్ మళ్ళీ డ్రాయర్‌లోకి వెళ్ళింది.

ఇక అంకెలు. కథ చెప్పిన వెంటనే ప్రమాదాల లెక్కల స్లైడ్ పెడితే బరువు వస్తుందని ఆయన వాదన. 2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ చేసిన అధ్యయనం ఒకటి చెప్పాను. మనుషులకి 5 డాలర్లిచ్చి, అందులోంచి ఆకలితో ఉన్నవాళ్ళ కోసం ఎంతిస్తారో చూశారు. మాలి దేశంలోని రొకియా అనే ఏడేళ్ళ పాప గురించి మాత్రమే చదివినవాళ్ళు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. లక్షల మంది లెక్కలు మాత్రమే చదివినవాళ్ళు 1.14. పాప గురించి, లెక్కలు రెండూ చదివినవాళ్ళు 1.43. లెక్క పక్కన పెట్టగానే పాప పలచబడిపోయింది. అది విరాళాల సంగతి, తాళాల సంగతి కాదు, కాబట్టి దాన్ని రుజువుగా నేను వాడను. కానీ కథ పక్కనే చార్టు పెట్టాలంటే మాత్రం జంకుతాను. చార్టును మొదటికి జరిపాం, ఒక్కటంటే ఒక్కటి. పదకొండులో పది పోయాయి.

రిహార్సళ్ళలో ఆయనకి లాగ్ బుక్ ముక్క దగ్గర చేతులు వణికేవి. టెన్షన్ అందరికీ కనబడిపోతుందని భయం. వీడియో తీసి చూపించాను. తెర మీద ఆ వణుకు వెతుక్కున్నా కనబడలేదు. మన లోపలి గాభరా బయటికి ఎంత కనబడుతుందో మనం ఎక్కువ అంచనా వేసుకుంటామని థామస్ గిలోవిచ్, కెనెత్ సావిట్‌స్కీ పరిశోధనలు చెబుతాయి. 2003లో వాళ్ళు ప్రచురించిన దాంట్లో, ఈ సంగతి ముందుగా తెలిసినవాళ్ళు మెరుగ్గా మాట్లాడారు. నా అనుభవంలో చెప్పడం కంటే వీడియో త్వరగా పనిచేస్తుంది.

ఆ రోజు

ఉదయం షిఫ్టు, రెండు వందల మంది, ప్లాస్టిక్ కుర్చీలు. మైకు కాసేపు కీచుమంది. ఆయన ఒక చార్టు చూపించి, తెర ఆపించి, "నా కుడి చేతి గ్లౌజ్ ఒకటి బెల్టు తినేసింది" అన్నారు. బూట్లు చూసుకుంటున్నవాళ్ళలో కొందరు తలెత్తారు. తాళం నడుముకే ఉందన్న మాట దగ్గర ఎవరో చిన్నగా నవ్వారు. తెలిసిన నవ్వు అది.

సైరన్ దగ్గరికి వచ్చాక మేము అనుకోనిది ఒకటి చేశారు. "సైరన్ మొదలైంది" అని చెప్పి చేతి గడియారం చూస్తూ నిలబడిపోయారు. మర్చిపోయారేమోనని నాకు చెమట పట్టింది. ముందే అడిగి ఉంటే వద్దనేదాన్ని, నాటకంలా ఉంటుందని. రోజూ వినే ఆ సైరన్ ఎంతసేపు మోగుతుందో ఆ హాల్లో అందరికీ తెలుసు. నాలుగైదు సెకన్లకి కుర్చీల చప్పుడు ఆగిపోయింది. ముందు వరసలో ఒకతను కుడి చెయ్యి మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాడు. తనకి తెలియకుండానే తీసుకున్నాడనుకుంటా. పది పూర్తయ్యాక ఆయన తలెత్తి, "నేనింకా పక్క బెల్టుదే అనుకుంటున్నా" అన్నారు.

తర్వాత లాగ్ బుక్‌లో రాసిన రెండు వాక్యాలు, రాసినవి రాసినట్టు చదివారు. "ఈ పుస్తకంలో మీరు రాసినవి నేను రోజూ చదువుతా. ఇలాంటి వాక్యం నాకు చూడగానే తెలిసిపోతుంది. నేనూ రాశాను కదా." అక్కడితో ఆపేశారు. నీతి చెప్పలేదు. తాళాలు వేసుకోండి అని కూడా అనలేదు. మొత్తం ఆరు నిమిషాలు.

ప్రశ్నలున్నాయా అని అడిగితే ఎన్నింటికి వదులుతారని ఎవరూ అడగలేదు. అసలు ఎవరూ ఏమీ అడగలేదు, విఫలమయ్యామనే అనుకున్నాను. జనం వెళ్ళాక ముగ్గురు ఆగిపోయారు. అందులో ఆ పెద్ద ఫిట్టర్ ఒకడు. "సార్, ఆ రోజు అవతల ఉన్న హెల్పర్‌కి ఇప్పటికైనా తెలుసా?" అన్నాడు. దానికి ఈయన దగ్గర జవాబు లేదు. మిగతా ఇద్దరూ తమవి చెప్పుకున్నారు, అవి ఇక్కడ రాయను.

తర్వాత

త్రుటిలో తప్పిన సంఘటనల రిజిస్టర్‌లో రాసేవాళ్ళు ఆ తర్వాతి వారాల్లో పెరిగారని ఆయన చెప్పారు. అది కథ వల్లేనని నేను అనను. అదే నెలలో రిజిస్టర్‌ని సూపర్‌వైజర్ గదిలోంచి తీసి అందరికీ అందేచోట పెట్టారు, పేరు రాయక్కర్లేదన్నారు, ప్యానెల్ రూమ్ దూరమైన చోట్ల బెల్టు పక్కనే ఐసోలేటర్లు పెట్టించే పని మొదలైంది. మూడంతస్తులు దిగనవసరం లేకపోతే తాళం వేయడానికి ప్రసంగం ఎందుకు. ఎంత మంచి కథైనా మెట్ల సంఖ్య తగ్గించలేదు. కథ విని ఆ ఐసోలేటర్ల ఖర్చుకి పై వాళ్ళు త్వరగా సంతకం పెట్టారని ఆయన నమ్మకం. కావచ్చు.

ఇద్దరు సూపర్‌వైజర్లకి ఇది నచ్చలేదు. సేఫ్టీ హెడ్డే తప్పు చేశానంటే ఇక మా మాట ఎవడు వింటాడన్నారు. ఆ ఫిర్యాదును నేను కొట్టిపారేయను. కొత్తగా పదవిలోకి వచ్చినవాడు, తన పని తనకి వచ్చని ఇంకా చూపించుకోనివాడు ఇదే కథ చెబితే బెడిసికొట్టేదే. ఈయన వెనక ఇరవై ఏళ్ళ పని ఉంది కాబట్టి నిలబడింది.

ఆ తర్వాత వేరే ప్లాంట్ల వాళ్ళు పిలవడం మొదలుపెట్టారు. ఆరోసారి చెప్పినప్పుడు నేను వెళ్ళాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అదే ఇబ్బంది. తాళం నడుముకే ఉందన్న మాటకి ముందు ఒక చిన్న విరామం వచ్చి చేరింది, నవ్వు కోసం. సైరన్ పది సెకన్లలో గడియారం చూడటం మానేసి జనాన్ని చూస్తున్నారు. లాగ్ బుక్ ముక్క దగ్గర చేతులు వణకలేదు. కారెక్కాక చెప్పాను. ఆయనకి కోపం వచ్చింది. నేర్పింది మీరే కదా అన్నారు, నిజమే. రెండు రోజులకి ఫోన్ చేసి, ఆ కథ కొన్నాళ్ళు పక్కన పెడదామన్నారు. ఆ హెల్పర్ ఎక్కడున్నాడో కనుక్కున్నారట, ఇంకా మాట్లాడలేదట.

కొత్త బ్యాచ్ కోసం ఇంకో కథ వెతుకుతున్నాం. మొన్న సెషన్ అంతా స్లైడ్లతోనే గడిచింది. టైమయ్యాక ఆయన బ్యాగ్ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. నేను కాగితాలు సర్దడం ఆపి కూర్చున్నాను.